ఆడవాళ్ళ వైపు కిటికీ

ప్రత్తిపాడు
9 జనవరి 2025

తమ్ముడు మార్క్‌కి,

అక్క రెబ్కా వందనాలు. దేవుని కృప వల్ల మీ బావా నేనూ బాగానే ఉన్నాం. మిరప కోతలు మొదలయ్యాయి. పొద్దున్నే కళ్ళంలోకి వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే ఇంటికి. ఒళ్ళంతా మంట. అది మామూలే.

పోయినవారం నువ్వు ఫోను చేసినప్పుడు అన్నిటికీ సరే అన్నాను. మీ ద్వీపంలో సిగ్నలు ఎలా ఉంటుందో నీకు తెలుసు. సగం మాటలు వినపడలేదు. "నువ్వు ఫోనులో సరే తప్ప ఇంకో మాట అనవు. మనసులో ఉన్నది కాగితం మీద రాయి అక్కా" అన్నావు. అందుకే రాస్తున్నాను.

ఫెబాకి ఈసారైనా బిడ్డ దక్కాలని శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థనలో అందరం కన్నీళ్ళతో అడుగుతున్నాం. రెండుసార్లు పోయాక, ఇప్పుడు ముప్ఫై ఏడేళ్ళ వయసులో, మంచం దిగొద్దని డాక్టరు చెప్పిందంటే మాటలు కాదు. మొగుడివి నువ్వేమో బడి ఉన్న ద్వీపంలో, తనేమో పోర్ట్ బ్లెయిర్‌లో అద్దె గదిలో. కన్నతల్లి లేని పిల్ల. నేను రావాలి. అందులో వేరే మాట లేదు. ఫిబ్రవరి చివర్లో మా కాయ అమ్ముడుపోగానే బయల్దేరతాను.

ఒక్క సంగతి. విమానంలో ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది? నేనెప్పుడూ ఎక్కలేదు కదా. కిటికీ పక్కన కూర్చుంటే అంతా కనిపిస్తుందంటున్నారు. నిజమేనా? కింద ఏముంటుంది? తీరిక చూసుకుని రాయి.

ఫెబాతో ఆదివారం మాట్లాడాను. గొంతు నీరసంగా ఉంది. ఆవకాయ కావాలంది. తెస్తాను.

నీ అక్క,
రెబ్కా


21 జనవరి 2025

అక్కా,

నీ ఉత్తరం పడవలో వచ్చింది. బడి వరండాలో నిలబడే చదివేశాను. కింద ఏముంటుందని నువ్వు అడిగావు చూడు, నాకెంత సంతోషమైందో! నిన్ను విమానం ఎక్కించడానికి బతిమాలాలేమో అనుకున్నాను. నువ్వేమో చూడ్డానికి సిద్ధంగా ఉన్నావు.

ఇక విను. చెన్నైలో లేచిన కాసేపటికే ఊరు అయిపోతుంది, తీరం కనిపిస్తుంది. చేపల పడవలు నువ్వుగింజలు చల్లినట్టుంటాయి. ఆ తర్వాత రెండు గంటలు సముద్రమే. నేల అనేది ఎక్కడా ఉండదు. మబ్బుల నీడలు నీళ్ళ మీద నడుస్తుంటాయి. చివర్లో ద్వీపాలు వస్తాయి. ఒక్కొక్కటీ చిక్కటి పచ్చరంగు, చుట్టూ తెల్లటి ఇసుక అంచు, ఆ అంచు పక్కన నీళ్ళు లేత నీలం. చీర కొంగులా ఉంటుంది. దానికోసమే కిటికీ సీటు.

రెక్క మీద పడే వరుసలు తీసుకోకు. జీవితంలో ఒక్కసారి ఎక్కి రేకు చూస్తూ కూర్చుంటావా? రెక్కకి ముందు వరుసలు అడుగు. ఒక్కో వరుసలో కిటికీ సరిగ్గా సీటు పక్కకి రాదు, మెడ తిప్పుకోవాలి, అది కూడా అడిగి చూసుకో. అద్దం మసగ్గా ఉంటే కొంగుతో తుడువు.

అసలు సంగతి ఏ వైపు అన్నది. నీ విమానం పొద్దున్నది. తూర్పుకి పోతుంది. ఒకవైపు వాళ్ళకి ఎండ మొహాన కొడుతుంది, ఏమీ కనిపించదు. రెండోవైపు నీడ. ద్వీపాలు కూడా ఎక్కువసార్లు ఆ నీడ వైపే కనిపిస్తాయని ఇక్కడివాళ్ళ మాట. గాలిని బట్టి ఎప్పుడన్నా మారుతుందనుకో. నీకు కుడి ఎడమలు చెబితే వడ్డించే చెయ్యి ఏదని గాల్లో ఆడించి చూసుకుంటావు కాబట్టి గుర్తు చెబుతున్నాను. పైలట్ కూర్చునే చోటు మన గుడిలో ప్రసంగవేదిక అనుకో. ఆడవాళ్ళు కూర్చునే వైపు తీసుకో. మగవాళ్ళ వైపు వద్దు. అటు ఒట్టి నీళ్ళూ ఎండా తప్ప ఏమీ లేదు.

టిక్కెట్టు తీసేశాను. ఫిబ్రవరి ఇరవై ఏడు. సీటు మాత్రం రెండు రోజుల ముందు గౌస్ బాషా నెట్ సెంటర్లో పెట్టించుకో.

ఫెబా బాగానే ఉంది.

నీ మార్క్


ప్రత్తిపాడు
30 జనవరి 2025

తమ్ముడూ,

వందనాలు. నీ ఉత్తరం నేనే రెండుసార్లు చదివాను. తర్వాత మీ బావ పైకి చదివి కళ్ళంలో అందరికీ వినిపించాడు. చెప్పొద్దంటే వింటాడా?

"రెండు గంటలు నేలే ఉండదంట రెబ్కమ్మకి!" అని ఒకటే నవ్వులు. కళ్ళం పక్కింటి కనకలక్ష్మిగారు నీకు గుర్తుంది కదా, కాశీకి విమానంలో వెళ్ళొచ్చింది. ఆవిడ తొడిమలు తీస్తూ కూర్చుని, "రెబ్కమ్మా, మీ తమ్ముడికేం తెలుసు? రెక్క పక్కన కూర్చో. అక్కడ ఊపు ఉండదు. నేను వెనక్కూర్చుంటే, అమ్మా, పేగులు గొంతులోకొచ్చినాయి" అంది. మీ బావ ఊరుకోక, "ఇది రెక్క మీద కూర్చున్నా పక్కవాళ్ళ రెక్క పట్టుకునే కూర్చుంటుందిలే అమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రెక్క పక్కన కూర్చుంటే ఏమంటావు? అటు కిందికి ఏమీ కనపడదన్నావు కదా. కనపడకపోయినా పర్వాలేదు నాకు. ఆ కిటికీకి తెర ఉంటుందా? వేసుకోనిస్తారా? మొత్తం దారి వేసుకుని ఉండవచ్చా?

ద్వీపాలు చివర్లో వస్తాయన్నావు. నేల కనపడే వైపే కూర్చుంటాను. మగవాళ్ళ వైపు ఒట్టి నీళ్ళే అన్నావు కాబట్టి అటు చచ్చినా కూర్చోను.

కొత్త గుడిలో క్రిస్మస్ ఆరాధన బాగా జరిగింది. పెద్ద గుడి అయింది, మాట మారుమోగుతుంది. పాస్టరుగారు నీ పేరూ ఫెబా పేరూ చెప్పి ప్రార్థించారు.

నిన్న సాయంత్రం మబ్బు పట్టింది. కళ్ళం నిండా ఎండుకాయ. నా ప్రాణం పోయినంత పనైంది. చినుకు పడలేదు. నీళ్ళంటే మన బతుకులో భయం తప్ప ఏముందిరా ఈ నెలల్లో.

అక్క


8 ఫిబ్రవరి 2025

అక్కా,

తెర ఉంటుంది. కిందికి లాగితే పడుతుంది. కానీ ఎండ పడని వైపు కూర్చుంటే నీకు తెరతో పనేముంది? ఎండకి కళ్ళు మండుతాయని భయపడుతున్నావని అర్థమైంది. కళ్ళంలో అంత ఎండ కాచేదానివి, ఈ ఎండ ఒక లెక్కా! అందుకే ఆడవాళ్ళ వైపు అన్నాను.

కనకలక్ష్మిగారి మాట వినకు. ఆవిడ కాశీ వెళ్ళింది. కాశీ దారిలో సముద్రం లేదు. రెక్క పక్కన కూర్చోబెట్టి గౌస్ బాషా నిన్ను మోసం చేస్తాడేమోనని నా అనుమానం. మంచి సీట్లు వేరేవాళ్ళకి ఇచ్చి మిగిలింది నీకు అంటగడతాడు. గట్టిగా అడుగు. నువ్వు మెత్తగా అడిగితే ఎవరూ వినరు. ముందు వరుస, ఆడవాళ్ళ వైపు, కిటికీ. మూడు మాటలు.

సముద్రం మీద చిన్నచిన్న తెల్లటి గీతలు కనిపిస్తాయి, అవి అలలు. అంత ఎత్తు నుంచి చూస్తే కదలవు. ఓడ ఒకటి కనిపించిందంటే నీ అదృష్టం.

ఫెబాకి ఈ మధ్య కొంచెం రక్తం కనిపించింది. డాక్టరు ఇంజెక్షన్లు ఇచ్చింది, ఆగిపోయింది. కంగారుపడకు. పక్కింటావిడ పొద్దున పూట చూస్తోంది. నాకు పదో తరగతి పరీక్షల డ్యూటీ ఉంది, పడవ వారానికోసారి. నువ్వు వచ్చేదాకా ఎలాగో నెట్టుకొస్తాం.

ఒకసారి మెరుపుల్లో విమానం వచ్చిందని మా సారు చెప్పాడు, మబ్బులోపల దీపం పెట్టినట్టు ఉంటుందట. నీకు అదీ దొరకాలని కోరుకుంటున్నాను.

మార్క్


ప్రత్తిపాడు
12 ఫిబ్రవరి 2025

మార్క్,

ఫోనులో చెప్పలేనిది రాయమన్నావు. రాస్తున్నాను. కోప్పడకు.

నేను రాలేను.

నీ ఉత్తరం ఇంకా అందలేదు గానీ, రక్తం సంగతి ఫెబానే ఆదివారం ఫోనులో చెప్పింది. ఆమెకి ధైర్యం చెప్పి, ఫోను పెట్టేసి, వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆమె కోసం కొంత. నా కోసం కొంత.

నేను కిటికీ గురించి అడిగింది చూడ్డానికి కాదు. చూడకుండా ఎక్కడ కూర్చోవాలో తెలుసుకోడానికి. నువ్వేమో ద్వీపాల గురించి రాశావు. నీ సంతోషం చూసి మళ్ళీ చెప్పలేకపోయాను. నువ్వు రాసిన రెండు గంటల నీళ్ళు నిద్రలో నా కిందే ఉంటున్నాయి.

నీకు గుర్తుండదు. నీకప్పుడు ఏడాది. గుడివాళ్ళం లారీ కట్టుకుని సూర్యలంక వెళ్ళాం. నువ్వు నా చంకలో ఉన్నావు. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడ్డాను, అంతే. అల వెనక్కి పోతూ కాళ్ళకింద ఇసుకంతా లాక్కుపోయింది. ఇద్దరం మునిగాం. ఎవరో జాలరి నా జుట్టు పట్టుకుని లాగాడు. నువ్వు నా చంకలోనే ఉన్నావు, విడవలేదు. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆ రోజు నుంచి నేను చెరువు గట్టు మీద కూడా నడవలేదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. అందరూ నన్ను నెమ్మదైన మనిషి అంటారు. నేను నెమ్మదైనదాన్ని కాదురా, భయస్థురాల్ని.

దేవుడి మీద నమ్మకం లేదా అని అడుగుతావు. ఉంది. అయినా కాళ్ళు వణుకుతున్నాయి. ఏం చేయను?

పాస్టరుగారి కూతురు మాధురి నర్సు చదువు పూర్తిచేసి ఖాళీగా ఉంది. వెళ్తానంటోంది. ఆమె చేతికి ఆవకాయ, బాలింత కారం అన్నీ ఇచ్చి పంపుతాను. టిక్కెట్టు పేరు మార్చే వీలుందేమో కనుక్కో.

నన్ను క్షమించమని ఫెబాకి నువ్వే చెప్పు.

రెబ్కా


13 ఫిబ్రవరి 2025

అక్కా,

ఈసారి పొట్టిగా. పడవ బయల్దేరుతోంది.

నువ్వు వస్తున్నావని చెప్పినప్పటి నుంచి ఫెబా అన్నం తింటోంది. వదినకి ఏ సీటు దొరికింది, వదిన ఏం చూస్తుంది అని అదే మాట. మంచం మీద పడుకుని ఆమె చూసేది పైకప్పు ఒక్కటే కదా. నీ కళ్ళతో చూడాలనుకుంటోంది. అందుకని ముందు వరుసలకి డబ్బు కాస్త ఎక్కువ అడిగినా పర్వాలేదు, పెట్టించుకో.

డాక్టరు ముందే ఆపరేషన్ చేయాల్సి రావచ్చంది. నేను పరీక్షలు వదిలి రాగలనో లేదో తెలియదు. నువ్వు ఉంటావు కదా. నాకదే చాలు.

ఆడవాళ్ళ వైపు. మర్చిపోకు.

మార్క్


24 ఫిబ్రవరి 2025

అక్కా,

నువ్వు పన్నెండున రాసింది ఈ రోజు అందింది. పడవ రాక ఆలస్యమైంది. ఫోను సిగ్నలు కూడా వారం రోజులుగా అసలు లేదు.

మొదట కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను. కాగితం నలిపి పారేశాను. పిల్లలు చూస్తున్నారని తీసి మళ్ళీ సాపు చేశాను. రెండోసారి చదివితే కోపం పోయింది, భయం మిగిలింది.

నేను నీకు ద్వీపాల గురించి పేజీలు పేజీలు ఎందుకు రాశాననుకున్నావు? ఫెబా గురించి రాయడానికి చెయ్యి రాక. ఆమెకి బీపీ దిగట్లేదు. డాక్టరు మొహం చూసి మాట్లాడట్లేదు. ఆ మాట రాయడం మొదలుపెట్టి ప్రతిసారీ కిటికీ సంగతిలోకి వెళ్ళిపోయాను. నేను రాసిన ప్రతి చుక్క నీళ్ళూ నిన్ను ముంచుతోందని నాకేం తెలుసు?

సూర్యలంక సంగతి నాకెవరూ చెప్పలేదు.

మాధురి మంచి పిల్లే. కానీ ఫెబాకి నర్సులున్నారు. మనిషి లేదు. నాకు ఇంకో అక్క లేదు. కిటికీ వద్దు, ద్వీపాలు వద్దు. మధ్య సీట్లో కళ్ళు మూసుకుని, ముసుగేసుకుని, నీకెలా వీలైతే అలా. వస్తావా?

ఇది నీకు అందేసరికి విమానం వెళ్ళిపోయి ఉంటుంది. అది తెలిసే రాస్తున్నాను. ఇంకేం చేయాలో తెలియక.

మార్క్


పోర్ట్ బ్లెయిర్, ఆసుపత్రి
6 మార్చి 2025

తమ్ముడూ మార్క్,

పాప పుట్టిందన్న మాట పోలీసువాళ్ళ వైర్‌లెస్‌లో నీకు చేరిందని ఇక్కడ చెప్పారు. మిగిలింది నేను రాస్తున్నాను. ఫెబా క్షేమం. ముందు అది చదువుకో.

నేను రానన్న కాగితం చింపెయ్. నీ ఇరవై నాలుగో తారీకు ఉత్తరం మీ బావ ఇందాక ఫోనులో చదివి వినిపించాడు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయాడు. ఆయన ఆగడం నేను ఎప్పుడూ వినలేదు.

ఎలా వచ్చానంటావా? రానని రాసి పోస్టు చేసిన వారానికి మబ్బు కమ్మింది. ఈసారి ఉత్తుత్తి మబ్బు కాదు. గాలి, ఉరుములు. కళ్ళం అంతా కాయ. నాకు బాగా భయమేసింది. కానీ కాళ్ళు పరిగెత్తాయి. పట్టాలు లాగాం, రాళ్ళు పెట్టాం, కనకలక్ష్మిగారి కళ్ళం కూడా కప్పాం. తడిసి ముద్దయ్యాక పట్టా అంచు మీద కూర్చున్నాను. భయపడిన ప్రతిసారీ నేను ఇంట్లో దాక్కుని ఉంటే మాకు ఇన్నేళ్ళలో గుప్పెడు కాయ మిగిలేది కాదు. మరుసటి రోజు నీ పదమూడో తారీకు ఉత్తరం వచ్చింది. విమానానికి రెండు రోజుల ముందు గౌస్ బాషా దగ్గరికి వెళ్ళాను.

"ముందు వరుస, ఆడవాళ్ళ వైపు, కిటికీ" అన్నాను గట్టిగా.

"విమానంలో ఆడోళ్ళ వైపు ఉండదమ్మా, అదేమన్నా ఆర్టీసీ బస్సా?" అన్నాడు. నువ్వు చెప్పిన గుర్తు చెప్పాను. "మీ గుడిలో మీరు ఏ చేతి వైపు కూర్చుంటారు?" అని అడిగాడు. వడ్డించే చేతి వైపు అన్నాను. పెట్టాడు. వాణ్ణి అనవసరంగా అనుమానించావు.

తప్పు నీదీ కాదు, నాదీ కాదు. నువ్వు ఊరొదిలాక గుడి కొత్తగా కట్టారు. నీళ్ళ పంపూ పక్క తలుపూ కుడివైపు వచ్చాయని, చంటిపిల్లల తల్లులకి వీలుగా ఉంటుందని మమ్మల్ని అటు మార్చారు. నువ్వు చెప్పింది పాత గుడి. నేను కూర్చుంది కొత్త గుడి.

అందుకని నాకు దక్కింది ఒట్టి నీళ్ళూ ఎండా. ఎయిర్‌పోర్టులో మీ బావని లోపలికి రానివ్వలేదు. అద్దం అవతల చెయ్యి ఊపుతూ ఉండిపోయాడు. లేచేటప్పుడు ముందు సీటు పట్టుకుని ప్రార్థించాను, మాటలు గుర్తు రాలేదు, ప్రభువా ప్రభువా అన్నానంతే. కళ్ళు తెరిస్తే సూర్యుడు మొహాన ఉన్నాడు. కింద నీళ్ళు రేకులా మెరుస్తున్నాయి. తెర లాగేశాను. రెండు గంటలూ దాని మీద చెయ్యి పెట్టుకునే కూర్చున్నాను, ఎవరన్నా తీస్తారేమోనని.

దిగేటప్పుడు విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి తెర తీయాలంది. తీయనన్నాను. నేను ఒక మనిషితో కాదు, వద్దు అని పైకి అనడం అదే మొదలేమో. "తప్పదమ్మా" అంది. తీసింది. అటువైపు వాళ్ళంతా ఫోన్లు పట్టుకుని అదిగో అదిగో అంటున్నారు. నావైపు నీళ్ళు పైకి వస్తున్నాయి. నీళ్ళలోకే దించేస్తున్నాడనుకున్నాను. దున్నిన చేలో చాళ్ళలా అలలు ఒక్కొక్కటీ కనపడేంత దగ్గర. ఫెబా అడుగుతుంది కదా అని చూశాను. కళ్ళు మూయలేదు. తర్వాత చెట్లు, గోడ, నేల. భయం పోలేదురా. నాతోపాటే దిగింది.

ఫెబా మొదట అడిగింది అదే. "వదినా, ఏం కనిపించింది?" ఎండా నీళ్ళూ అన్నాను. గుడి సంగతి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వొద్దని నేను బతిమాలాను. ఆ రెండో రోజే బీపీ పెరిగి ఆపరేషన్ చేశారు.

పాప చాలా చిన్నది. నెలలు నిండలేదు కదా. గాజుపెట్టెలో పెట్టారు, నోట్లో గొట్టం. ఫెబా లేవలేదు, లోపలికి ఒక్కరినే రానిస్తారు. "వదినా, మీరు చూసి రండి" అంది. వెళ్ళాను. రంగు బాగా లేదు. పక్కటెముకలు ఎగిసెగిసి పడుతున్నాయి. తిరిగొచ్చి "నిద్రపోతోంది" అన్నాను. ఫెబా నా మొహం వైపు చూసి, "మీ మెత్తటి మాటలు నాకొద్దండి. మళ్ళీ వెళ్ళండి. బాగా చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అంది.

అప్పటి నుంచి అదే నా పని. అద్దం దగ్గర నిలబడడం, చూడడం, వచ్చి చెప్పడం. వేళ్ళు మిరప తొడిమలంత ఉన్నాయని చెప్పాను. ఎడమ పాదం తన్నిందని చెప్పాను. నిన్న కాసేపు ఊపిరి ఆగిందని, నర్సులు పరిగెత్తారని, మళ్ళీ వచ్చిందని, అది కూడా చెప్పాను. ఫెబా నా చెయ్యి నలిపేసింది, కానీ ఏడవలేదు. చూడడం ఇంత కష్టమని నాకు తెలియదు. చూపు తిప్పుకుందామనిపిస్తుంది. తిప్పుకుంటే ఫెబాకి ఏం చెప్పను?

ఈ పొద్దున గొట్టం తీశారు. తనంతట తాను పీలుస్తోంది. ఇంకా గండం గడవలేదని డాక్టరు అంటోంది, కానీ మొహం చూసి అంటోంది. నేను నిలబడి ఉండగానే పాప కళ్ళు తెరిచింది. నల్లటి కళ్ళు. నువ్వు చూడాల్సింది, ఫెబా చూడాల్సింది, ముందు నేను చూశాను. పరిగెత్తుకొచ్చి చెబితే ఫెబా అప్పుడు ఏడ్చింది.

ఈ ఉత్తరం తెచ్చే పడవ సాయంత్రం దాకా మీ ఒడ్డునే ఉంటుందట. పరీక్షలు ఇంకెవరికన్నా అప్పగించు. సంచి కూడా సర్దుకోవద్దు. అదే పడవ ఎక్కి రా.

అక్క